ఖాళీగా ఉంటే లేస్తుంది, గాలి ఉంటే లేవనంటోంది: గ్యారేజీలో కంప్రెషర్ తిప్పలు

చిన్నమోటారు
ఇంటి గ్యారేజీలో పెట్టుకుందామని రెండు హెచ్‌పీ బెల్టు కంప్రెషర్ ఒకటి వాడినది కొన్నాను. ట్యాంకు 100 లీటర్లు. అమ్మినాయన దగ్గర చూసినప్పుడు చక్కగా తిరిగింది. ఇంటికి తెచ్చి మూలన పెట్టి, 15 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు లాగి స్విచ్ వేశాను. గాలి నింపుకుంది, 120 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ప్రెషర్ కొలత) దగ్గర తనంతట తనే ఆగింది. ఆహా అనుకున్నా. ఎయిర్ గన్‌తో కాసేపు దుమ్ము కొట్టేసరికి గేజీ 90కి దిగింది. ఇక మోటారు మళ్ళీ లేవాలి కదా? లేవలేదు. "మ్‌మ్‌మ్" అని మూలిగింది, ఎంసీబీ పడిపోయింది. గాలంతా వదిలేసి స్విచ్ వేస్తే మళ్ళీ మామూలే. ఖాళీ కడుపుతో అయితే పని చేస్తుంది, కడుపు నిండితే కదలదు. మా ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరున్నారు, పేరు చెప్పను.

నేను చేద్దామనుకుంటున్న పనులు: టైర్లు, దుమ్ము కొట్టడం, గాలితో బోల్టులు విప్పే ఇంపాక్ట్ రెంచ్, తర్వాతెప్పుడైనా పాత కారు తలుపులకి రంగు. గ్యారేజీ ఒక్క కారు పట్టేంత. ఎక్కడ పెట్టాలి, పైపులు ఎలా వెయ్యాలి, అసలు ఈ మోటారు ఏం చెయ్యాలి?

నట్టుబోల్టు
పెద్ద ఎంసీబీ వేసెయ్యండి. అయిపోయింది.

ఫ్యూజ్‌బాక్స్
నట్టుబోల్టు గారూ, ఎంసీబీ ఉన్నది మోటారుని ఏడిపించడానికి కాదు, గోడలో వైరు కాలిపోకుండా ఆపడానికి. వైరు మార్చకుండా ఎంసీబీ ఒక్కటే పెంచితే తర్వాత కాలేది ఇల్లే.

చిన్నమోటారు గారూ, ఆ ఎక్స్‌టెన్షన్ వైరు మందం ఎంత? దాని మీదే రాసి ఉంటుంది చూడండి.

చిన్నమోటారు
1 చదరపు మిల్లీమీటరు అని ఉంది. డ్రమ్ముకి చుట్టి ఉంటుందే, ఆ రకం. సగం విప్పి వాడాను.

ఫ్యూజ్‌బాక్స్
దొంగ దొరికాడు.

లెక్క చూడండి. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకి మీటరుకి సుమారు 0.017 ఓమ్‌ల నిరోధం. కరెంటు వెళ్ళడానికి 15 మీటర్లు, తిరిగి రావడానికి 15, మొత్తం 30. అంటే అర ఓమ్. రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు తిరుగుతున్నప్పుడు పది ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, లేచే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. యాభై అనుకోండి. యాభైని అర ఓమ్‌తో గుణిస్తే 25 వోల్టులు దారిలోనే పోయాయి. 230 బదులు మోటారుకి అందేది 205. పైగా మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే బలం అయిదో వంతు తగ్గుతుంది. ఖాళీ ట్యాంకు మీద ఆ మిగిలిన బలం సరిపోతుంది. గాలి ఎదురు తోస్తుంటే సరిపోదు.

ఇంకో మాట. డ్రమ్ముకి చుట్టి ఉన్న వైరులో అంత కరెంటు పంపితే వేడి బయటికి పోక లోపలి చుట్లు కరిగి అతుక్కుంటాయి. చెయ్యి పెట్టి చూశారా ఎప్పుడైనా?

చిన్నమోటారు
ఇప్పుడే చూశా. వెచ్చగా ఉంది. టెన్షన్ పెట్టకండి.

చెక్కపొట్టు
మా గురువు గారు ఎప్పుడూ చెప్పే మాట: కరెంటు వైరు పొట్టిగా, గాలి గొట్టం పొడుగ్గా. కంప్రెషర్‌ని ప్లగ్గు దగ్గరికి తీసుకెళ్ళండి, పని ఎక్కడుంటే అక్కడికి హోస్ లాక్కోండి. 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న హోస్ అయితే 15 మీటర్లు లాగినా పెద్దగా ప్రెషర్ పడదు. చుట్టలు చుట్టుకునే సన్న హోస్ మాత్రం వద్దు, ఇంపాక్ట్ రెంచ్ నీరసంగా తిరుగుతుంది.

పాతఇనుము
ఫ్యూజ్‌బాక్స్ గారి లెక్క తప్పని అనను. కానీ దొంగ అప్పుడే దొరికాడంటే ఒప్పుకోను. 90 దగ్గర లేవనంటోంది, ఖాళీగా ఉంటే లేస్తోంది అంటే నాకు ముందు గుర్తొచ్చేది వైరు కాదు.

చిన్నమోటారు గారూ, 120కి వెళ్ళి ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర "తుస్స్" అని శబ్దం వస్తుందా?

చిన్నమోటారు
తుస్స్ లేదు. టక్ మంటుంది, ఆగుతుంది, అంతే. మంచిదే కదా, లీకు లేదని సంతోషించా.

పాతఇనుము
హహ. అది లీకు కాదు బాబూ, అది దాని నిట్టూర్పు. అది లేకపోవడమే రోగం.

పంపు తల నుంచి ట్యాంకుకి ఓ లావు గొట్టం వెళ్తుంది. అది ట్యాంకులో దిగే చోట నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది. ట్యాంకులో గాలి పంపు వైపు వెనక్కి రాకుండా దాని పని అది చేస్తుంది. మరి మోటారు ఆగిన క్షణాన ఆ లావు గొట్టంలో, పంపు తలలో ఇరుక్కున్న గాలి సంగతి? అది అలాగే ఉంటే తర్వాతిసారి పిస్టన్ మొదటి అడుగే 120 పీఎస్ఐ కొండకి ఎదురు వెయ్యాలి. సింగిల్ ఫేజ్ మోటారు వల్ల అయ్యే పని కాదది. అందుకే నాన్ రిటర్న్ వాల్వు పక్కనుంచి ఓ సన్న గొట్టం ప్రెషర్ స్విచ్ కిందికి వెళ్తుంది. అక్కడ అన్‌లోడర్ అని చిన్న వాల్వు. స్విచ్ ఆఫ్ అయినప్పుడు దాని మీట ఆ వాల్వుని నొక్కుతుంది, ఇరుక్కున్న గాలి తుస్స్ మని పోతుంది.

తుస్స్ రెండు మూడు సెకన్లు వచ్చి ఆగితే ఆరోగ్యం. అసలు రాకపోతే సన్న గొట్టమో అన్‌లోడరో మూసుకుపోయింది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా వస్తూనే ఉంటే అన్‌లోడర్ బాగానే ఉంది, నాన్ రిటర్న్ వాల్వు కారుతోంది. చాలామంది ఈ మూడో కేసులో అన్‌లోడర్ మార్చేసి, అదే శబ్దం మళ్ళీ వింటూ జుట్టు పీక్కుంటారు.

ప్లగ్గు పీకి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గేజీ సున్నా చూపించాక డ్రెయిన్ కూడా తెరిచే ఉంచి, ఆ సన్న గొట్టం విప్పి ఊది చూడండి. గేజీలు అబద్ధం ఆడతాయి, డ్రెయిన్ ఆడదు.

నట్టుబోల్టు
అమ్మినాయన దగ్గర చూసినప్పుడు రెండోసారి లేచిందా?

చిన్నమోటారు
ఒక్కసారే నింపి చూపించారు. రెండోసారి అడగాలని నాకెలా తెలుస్తుందండీ.

తుప్పుపురాణం
వాడిన కంప్రెషర్ కొనేవాళ్ళకి నా మొదటి ప్రశ్న పంపు గురించి కాదు, ట్యాంకు గురించి. ట్యాంకు మీద రేకు ఉందా? తయారైన సంవత్సరం, గరిష్ఠ ప్రెషర్ కనిపిస్తున్నాయా? అడుగున డ్రెయిన్ తీస్తే ఏం రంగు నీళ్ళొచ్చాయి?

చిన్నమోటారు
రేకు ఉంది, కానీ దాని మీదుగా రంగు కొట్టేశారు. డ్రెయిన్ ఎక్కడుంటుంది?

తుప్పుపురాణం
ప్రశ్నకి జవాబు దొరికింది. భయమేసింది కూడా.

ట్యాంకు కడుపు కింద, అన్నిటికన్నా పల్లంలో చిన్న కాక్ ఉంటుంది. బిగుసుకుపోయి ఉంటుంది, మెల్లగా తిప్పండి. 15 లేదా 20 పీఎస్ఐ మాత్రమే ఉంచి తెరవండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. వచ్చినదాన్ని పాత డబ్బాలో పట్టి ఇక్కడ చెప్పండి.

గాలిబుడగ
నీళ్ళెక్కడివి? లోపలికి పోయేది గాలే కదా, నీళ్ళు ఎవరు పోశారు? నిజంగానే అడుగుతున్నా, వెటకారం కాదు.

లెక్కలపిచ్చి
మంచి ప్రశ్న. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. తేమ 70 శాతం అంటే అందులో 21 గ్రాములు ఉన్నట్టు. ఆ ఘనపు మీటరుని ఎనిమిదో వంతుకి నొక్కేస్తే, చల్లబడ్డాక ఆ చిన్న జాగాలో ఇమిడేది నాలుగు గ్రాములు కూడా కాదు. మిగిలిన 17 గ్రాములు నీళ్ళుగా మారాల్సిందే. మీ కంప్రెషర్ నిమిషానికి 150 లీటర్లు మింగితే గంటకి 9 ఘనపు మీటర్లు. అంటే గంట ఆగకుండా తిరిగితే 150 మిల్లీలీటర్ల నీళ్ళు. ఓ గ్లాసుడు. ఎవరూ పొయ్యక్కర్లేదు, గాలే మోసుకొస్తుంది.

గాలిబుడగ
అమ్మో. నేను మా కంప్రెషర్ డ్రెయిన్ తీసి రెండేళ్ళయింది.

తుప్పుపురాణం
గాలిబుడగ గారూ, ఇది చదవడం ఆపి వెళ్ళి తియ్యండి.

రంగులరాట్నం
నేను వచ్చే వేళయింది. రంగు అన్న మాట విన్నాను.

చిన్నమోటారు గారూ, మిగతా పనులకి మీ యంత్రం చాలు. టైరుకి ఏదైనా చాలు. ఇంపాక్ట్ రెంచ్ ఒక్కో బోల్టుకి కొన్ని సెకన్లే తిరుగుతుంది, మధ్యలో ట్యాంకు తేరుకుంటుంది. రంగు అలా కాదు. గన్ ట్రిగ్గర్ నొక్కితే ప్యానెల్ అయ్యేదాకా గాలి ఆగకూడదు. మామూలు హెచ్‌వీఎల్‌పీ గన్‌కి, అంటే ఎక్కువ గాలి తక్కువ ప్రెషర్‌తో రంగు చిమ్మేదానికి, పది పన్నెండు సీఎఫ్ఎం, అంటే నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి కావాలి. గాలితో తిరిగే శాండరు కూడా అంతే తిండిపోతు. హెచ్‌పీ ఎంత, ట్యాంకు ఎంత అని చూసి కొంటారు గానీ నిమిషానికి ఎంత గాలి నిజంగా బయటికి వస్తుందో ఎవరూ అడగరు.

చిన్నమోటారు
మీద 8 సీఎఫ్ఎం అని స్టిక్కరుంది. ట్యాంకు 100 లీటర్లుంది కదా, సర్దుకోదా?

లెక్కలపిచ్చి
ఆ 8 చాలావరకు పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం అయ్యుంటుంది. వాల్వుల దగ్గర, వేడి వల్ల, సిలిండర్ పైన మిగిలిపోయే జాగా వల్ల అసలు బయటికొచ్చేది అందులో అరవై, డెబ్భై శాతం. స్టిక్కరుని నమ్మకండి, వాచీ పట్టుకోండి. అవుట్‌లెట్ మూసేసి, 90 నుంచి 120కి ఎక్కడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 30 పీఎస్ఐ అంటే సుమారు రెండు వాతావరణ పీడనాలు. 100 లీటర్ల ట్యాంకులో అంత పెరగాలంటే బయటి గాలి 204 లీటర్లు లోపలికి పోవాలి. దాన్ని నిమిషాలతో భాగించండి, ఘనపుటడుగుకి 28.3 లీటర్లు కాబట్టి 28.3తో మళ్ళీ భాగిస్తే సీఎఫ్ఎం.

ఫ్యూజ్‌బాక్స్
90 దగ్గర లేవని మోటారుకి పరీక్ష పెట్టారు మీరు.

లెక్కలపిచ్చి
సున్నా నుంచి నింపుతూ గేజీ 90 దాటినప్పుడు వాచీ నొక్కితే చాలు కదండీ.

చిన్నమోటారు
చేశాను. 80 సెకన్లు.

లెక్కలపిచ్చి
నిమిషానికి 153 లీటర్లు. 5.4 సీఎఫ్ఎం. స్టిక్కరు చెప్పిన 8లో 67 శాతం. వాడిన పంపుకి ఇది మంచి ఆరోగ్యమే, పిస్టన్ రింగులు అరగలేదు.

రంగులరాట్నం
అంటే 11 అడిగే గన్‌కి 5.4 ఉంది. 120 నుంచి 90కి దిగడానికి నలభై సెకన్లు. ఆ తర్వాత మోటారు లేచి తిరుగుతూనే ఉన్నా ప్రెషర్ దిగుతూనే ఉంటుంది. తలుపు సగంలో గన్ తుంపర్లు ఉమ్మడం మొదలెడుతుంది. మీకు రెండు దారులు: తక్కువ గాలితో నడిచే ఎల్‌వీఎల్‌పీ గన్, లేదా ఒక్కో చిన్న భాగం కొట్టి ఆగడం. పెద్ద ట్యాంకు తగిలిస్తే నలభై సెకన్లు ఎనభై అవుతాయి, అంతే. బావి లోతు పెంచినంత మాత్రాన ఊట పెరగదు.

కొత్తచెయ్యి
మధ్యలో వస్తున్నందుకు తిట్టకండి. నా చిన్న కంప్రెషర్‌లో సేఫ్టీ వాల్వు కొద్దిగా కారుతుంటే తీసేసి బోల్టు బిగించాను. బాగానే ఉంది. దానికి వేరే నష్టం ఏమైనా ఉందా?

పాతఇనుము
ఆపండి. ఇప్పుడే. ప్లగ్గు పీకండి.

తుప్పుపురాణం
పాతఇనుము గారి మాటే నాదీ. గాలి ఖాళీ చేసి, కొత్త వాల్వు వచ్చేదాకా ముట్టుకోకండి.

ఫ్యూజ్‌బాక్స్
కొత్తచెయ్యి గారూ, ప్రెషర్ స్విచ్‌లో కాంటాక్టులు ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు మోటారు ఆగదు, 120 దాటి, 150 దాటి నింపుతూనే ఉంటుంది. ఆ రోజు మీకూ ట్యాంకు పేలుడుకీ మధ్య ఉండేది ఆ చిన్న స్ప్రింగు వాల్వు ఒక్కటే. దాని జాగాలో బోల్టు పెట్టారు. ట్యాంకు తట్టుకునే ప్రెషర్ చూసి దానికి మించని వాల్వు వేయండి. నెలకోసారి రింగు లాగి ఊపిరి పోయించండి, లేకపోతే తుప్పు పట్టి కూర్చుంటుంది.

కొత్తచెయ్యి
తీసేశాను. చేతులు వణుకుతున్నాయి నిజంగా.

పైపులపుల్లయ్య
ఇక పైపుల సంగతి. ఎవరో ఒకరు నీళ్ళ పీవీసీ పైపు అంటారు, అనకముందే వచ్చాను.

నట్టుబోల్టు
నేనే అంటున్నా. మా గ్యారేజీలో నాలుగేళ్ళుగా పీవీసీయే. పైపు మీద రాసిన ప్రెషర్ 120 కన్నా చాలా ఎక్కువ. ఊరికే భయపెడతారు.

పైపులపుల్లయ్య
ఆ రాసింది నీళ్ళకి. నీళ్ళ పైపు పగిలితే ప్రెషర్ ఆ క్షణమే పడిపోతుంది, ఎందుకంటే నీళ్ళు నొక్కుడుపడవు. గాలి స్ప్రింగు లాంటిది, పగిలిన ముక్కలని తోసుకుంటూ పోతుంది. పీవీసీ చీలదు, గాజులా పెంకులవుతుంది. కంప్రెషర్ దగ్గర గాలి వేడిగా ఉంటుంది, వేడికి దాని బలం తగ్గుతుంది. ఏళ్ళు గడిచే కొద్దీ పెళుసెక్కుతుంది. మీద నిచ్చెన పడితే చాలు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే గాలికి పీవీసీ పైపు వద్దని హెచ్చరిక పంపింది.

నేను పుస్తకం చూసి చెప్పట్లేదు. నాదీ పీవీసీయే ఉండేది. మూడో ఏడు ఓ రాత్రి ఎల్బో ఒకటి పేలింది. నేను ఇంట్లో ఉన్నా. పొద్దున్న చూస్తే చెక్క తలుపులో రెండు పెంకులు దిగి ఉన్నాయి, సరిగ్గా నా ఛాతీ ఎత్తున.

నట్టుబోల్టు
మీకు అతుకు సరిగ్గా పడలేదేమో.

పైపులపుల్లయ్య
అతుకు అలాగే ఉందండీ. పేలింది ఎల్బో వంపు.

చెక్కపొట్టు
అసలు ఒక్క కారు గ్యారేజీకి పైపులైను ఎందుకు? గోడకి హోస్ రీలు ఒకటి, 10 మీటర్ల రబ్బరు హోస్. అయిపోయింది. పైపులు వెయ్యడంలో ఆనందం ఉంటుంది, ఒప్పుకుంటా. అవసరం మాత్రం ఉండదు.

రంగులరాట్నం
రంగు కొట్టేవాడికి అవసరమే. ఫిల్టరుని కంప్రెషర్ మూతి దగ్గరే బిగించి, నీళ్ళు ఆగట్లేదేంటని అడిగేవాళ్ళని ఎంతమందిని చూశానో. అక్కడ గాలి వేడిగా ఉంటుంది, నీళ్ళు ఇంకా ఆవిరిగానే ఉంటాయి. ఫిల్టరు ఆవిరిని పట్టలేదు, బొట్టునే పడుతుంది. ఏడెనిమిది మీటర్ల రాగి గొట్టం గోడ మీద పైకీ కిందికీ తిప్పి, ఆ తర్వాత ఫిల్టరు పెట్టండి. గొట్టంలో చల్లబడి బొట్లు అవుతాయి, అప్పుడు దొరుకుతాయి.

పైపులపుల్లయ్య
ఈ మాట నిజం. వేస్తే రాగి, అల్యూమినియం, లేదా గాలికని తయారుచేసిన లోపల అల్యూమినియం పొర ఉన్న ప్లాస్టిక్ పైపు. జీఐ, అంటే జింకు పూత ఇనప పైపు కూడా నడుస్తుంది, కానీ లోపల తుప్పు రాలుతుంది. కంప్రెషర్ నుంచి గోడ పైపుకి మాత్రం మెత్తని హోస్ ముక్క పెట్టాలి. నేరుగా ఇనప పైపు కలిపితే అదురుకి అతుకులు వదులవుతాయి. అడ్డ పైపు మీటరుకి ఓ సెంటీమీటరు వాలుగా ఉండాలి. కిందికి దిగే పైపుని అడ్డ పైపు అడుగు నుంచి కాకుండా పై నుంచి తీసి, వంచి కిందికి దింపండి. నీళ్ళు అడుగున పాకుతాయి కాబట్టి పై నుంచి తీస్తే పొడి గాలి వస్తుంది. దిగే పైపు చివర హోస్ తగిలించే చోటు దాటి ఓ జానెడు ఎక్కువ దింపి, అడుగున కాక్ పెట్టండి.

అన్నీ బిగించాక సబ్బు నురగ. ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జం 100 పీఎస్ఐ దగ్గర మూడు సీఎఫ్ఎం పైనే తినేస్తుంది. మీకున్నదే 5.4.

నిద్రలేనివాడు
శబ్దం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నా గోడకి అవతల పసిపిల్ల పడుకుంటుంది. అందుకని ప్లైవుడ్ పెట్టె కట్టి, లోపల స్పాంజి అంటించి కంప్రెషర్‌ని అందులో పెట్టాను. శబ్దం సగమైంది. ఇరవై నిమిషాలకి మోటారు థర్మల్ ట్రిప్ అయింది, అంటే వేడెక్కి తనంతట తనే ఆగిపోయింది. పెట్టె తెరిస్తే ఆవిరి పొయ్యిలో మొహం పెట్టినట్టుంది.

పాతఇనుము
పెట్టెకి గాలి వచ్చే దారీ పోయే దారీ రెండూ ఉండాలి, ఫ్యాను కూడా. లేకపోతే పెట్టె వద్దు. బెల్టు కంప్రెషర్‌లో పెద్ద పుల్లీ ఆకులే ఫ్యాను. అది గోడ వైపుంటే కనీసం ఓ అడుగు జాగా వదలాలి. ఆయిల్ లేని డైరెక్ట్ మోటారు రకాలు చాలావరకు ఇంకా ఎక్కువ అరుస్తాయి, ఎందుకంటే అవి బెల్టు పంపు కన్నా రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతాయి.

గోలలో పెద్ద వాటా పంపు గాలి పీల్చే చోట నుంచే వస్తుంది. ఆ ఫిల్టరుకి పంపు నోటి కన్నా లావైన గొట్టం తగిలించి, గోడ అవతలికి, వాన పడని చోటికి తీసుకెళ్ళండి. లోపల గుడగుడ తగ్గుతుంది, పంపుకి చల్లని గాలి దొరుకుతుంది.

చెక్కపొట్టు
నాలాంటి చెక్క పనివాళ్ళకి ఇంకో లాభం, పొట్టు పీల్చదు. నా ఫిల్టరు తీసి చూస్తే లోపల పక్షి గూడు కట్టుకోవచ్చు.

నిద్రలేనివాడు
కాళ్ళ కింద రబ్బరు?

పాతఇనుము
మందంగా వేయండి. నేలకి బోల్టులు బిగిస్తే మాత్రం జాగ్రత్త. నేల ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు నాలుగు కాళ్ళూ బలవంతంగా బిగిస్తే, అదురుకి కాలు ట్యాంకుకి అతికిన చోట వెల్డింగు పగుళ్ళిస్తుంది. ఓ కాలు గాల్లో ఉంటే దాని కింద రేకు ముక్క పెట్టి సమం చేసి, బోల్టుని మెల్లగా బిగించాలి.

గాలిబుడగ
డ్రెయిన్ తీశాను. కాఫీ రంగు నీళ్ళు. లీటరు పైనే. ఇంకా వస్తోంది.

తుప్పుపురాణం
రెండేళ్ళ పాపం కదా, ఒక్క రోజులో పోదు.

కొత్తచెయ్యి
ఇంజిన్ ఆయిల్ పోయొచ్చా పంపులో? ఇంట్లో మిగిలింది ఉంది. బోల్టు విషయం తర్వాత ఏదైనా అడగాలంటేనే భయంగా ఉంది, అయినా అడుగుతున్నా.

పాతఇనుము
అడగండి, అడిగినవాళ్ళే బతికి బట్టకడతారు. వద్దు. కారు ఆయిల్‌లో మురికిని, నీటిని తనలో కలుపుకుని తిరిగే మందులుంటాయి. కారులో ఆయిల్ ఫిల్టరు ఉంది, ఇక్కడ లేదు. పైగా వేడికి వాల్వు రేకుల మీద బొగ్గు పేరుకుంటుంది. పిస్టన్ పంపుకి కంప్రెషర్ ఆయిల్ అనే అడగండి, చాలా పంపులకి వీజీ 100 అనే చిక్కదనం సరిపోతుంది, మీ పుస్తకం ఏమంటే అదే.

చిన్నమోటారు
రెండు రోజులు కనిపించలేదు, క్షమించండి. పని జరిగింది.

సన్న గొట్టం విప్పాను. ఊదితే గాలి పోలేదు. ఎందుకో తెలుసా? ఇంటికి తెచ్చేటప్పుడు బండిలో కదలకుండా తాడు కట్టింది నేనే. తాడు సరిగ్గా ఆ గొట్టం మీద పడి నలిపేసింది. అమ్మినాయన్ని మనసులో ఎన్ని తిట్టానో, అన్నీ వెనక్కి తీసుకుంటున్నా. కొత్త ముక్క కోసి వేశాను. 120 దగ్గర టక్, తుస్స్! ఆ తుస్స్ విని చప్పట్లు కొట్టాను.

పాతఇనుము
ఫ్యూజ్‌బాక్స్ గారు ఎక్కడ?

చిన్నమోటారు
ఆగండి. 90 దగ్గర లేచింది, నాలుగుసార్లు లేచింది, అయిదోసారి మళ్ళీ మూలిగి పడిపోయింది. వైరు డ్రమ్ము తీసేసి, ఎలక్ట్రీషియన్ని పిలిచి బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల లైను, ఎర్తింగ్, సి టైపు ఎంసీబీ వేయించాను. ఆ తర్వాత ముప్ఫైసార్లు పెట్టాను, ఒక్కసారి కూడా పడలేదు.

ఫ్యూజ్‌బాక్స్
ఇక్కడే ఉన్నాను. మందహాసంతో ఉన్నాను.

అన్నట్టు, తెలియనివాళ్ళకి: బి టైపు ఎంసీబీ దాని రేటింగుకి మూడు నుంచి అయిదు రెట్ల కరెంటు దగ్గరే టక్కున పడుతుంది, సి టైపు అయిదు నుంచి పది రెట్లదాకా ఓర్చుకుంటుంది. ఆంపియర్లు పెంచడం వేరు, టైపు మార్చడం వేరు. నట్టుబోల్టు గారికి అంకితం.

పాతఇనుము
నాలుగుసార్లు నాది, అయిదోసారి మీది. సరేనా?

చర్చాకాపరి
ఇద్దరూ గెలిచారు. ముందుకు వెళ్దాం.

తుప్పుపురాణం
అందరూ సంతోషంగా ఉన్నారు, నేను చెడగొడతాను. ట్యాంకు రేకు గీకి చూశారా?

చిన్నమోటారు
గీకాను. పదహారేళ్ళ నాటిది. డ్రెయిన్‌లో ఎర్ర నీళ్ళు, చిన్న చిన్న పొరలు వచ్చాయి. అడుగున చూస్తే వెల్డింగు పక్కన ఓ చోట రంగు ఉబ్బింది.

తుప్పుపురాణం
ఇక గాలి నింపకండి. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది, బయట రంగు ఉబ్బిందంటే లోపల రేకు పలచబడిందని అనుకోవాల్సిందే. సుత్తితో కొట్టి శబ్దం విని తేల్చే పెద్దమనుషులుంటారు, వినకండి. నీళ్ళతో ప్రెషర్ టెస్టు చేయించండి. ట్యాంకంతా నీళ్ళు నింపి, పనిచేసే ప్రెషర్ కన్నా ఎక్కువకి చేతి పంపుతో తీసుకెళ్తారు. పగిలితే నీళ్ళు కారతాయి, అంతే. గాలితో అదే పరీక్ష చేస్తే పేలుతుంది.

నట్టుబోల్టు
ఉబ్బిన చోట చిన్న వెల్డింగు ముక్క పెడితే?

తుప్పుపురాణం
పలచబడ్డ రేకు మీద వెల్డింగు పెడితే పక్కన ఇంకో చోట బలహీనపడుతుంది. ప్రెషర్ ట్యాంకు మీద మామూలు వెల్డరు చెయ్యి పెట్టకూడదు.

నట్టుబోల్టు
సరే. ఇంకో విషయం, నవ్వకండి. మా ఆవిడ ఈ చర్చ మొత్తం చదివింది. పీవీసీ పైపులు నిన్న దిగిపోయాయి. నేను ఒప్పుకున్నానని కాదు.

పైపులపుల్లయ్య
మీ ఆవిడ గారికి నా నమస్కారాలు.

చిన్నమోటారు
ట్యాంకు టెస్టులో పోయింది. ఉబ్బిన చోటే సూది మొనంత ధార. పంపు, మోటారు బాగున్నాయి కాబట్టి కొత్త ట్యాంకు వేయించి వాటిని దాని మీదికి ఎక్కించాను. పాతదాన్ని ఎవరూ మళ్ళీ గాలికి వాడకుండా డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు పెట్టి ఇనుముకి ఇచ్చేశా. హోస్ రీలు గోడకి. రాగి గొట్టం గోడ మీద నాలుగు వరసలు, ఏడు మీటర్లు, ఆ తర్వాత ఫిల్టరు. రాత్రి పడుకునే ముందు డ్రెయిన్ తీయడం అలవాటైంది.

రంగులరాట్నం
రంగు కొట్టే ముందు రెండు మాటలు. కంప్రెషర్‌ని రంగు కొట్టే గదిలో ఉంచకండి. ప్రెషర్ స్విచ్ ప్రతిసారీ నిప్పురవ్వ వేస్తుంది, థిన్నర్ ఆవిరికి అదే చాలు. గట్టిపడే మందు కలిపే రెండు డబ్బాల రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు వాటిని ఆపదు, ఊపిరితిత్తులు పాడవుతాయి. మొదటిసారికి వాటి జోలికి పోకండి.

ఫ్యూజ్‌బాక్స్
పని అయ్యాక ఎయిర్ గన్‌తో బట్టల మీద దుమ్ము కొట్టుకునే అలవాటు కూడా మానండి. చిన్న గాయంలోంచి గాలి లోపలికి దూరితే ప్రాణానికే ముప్పు. వస్తువుల మీద దుమ్ము కొట్టడానికే 30 పీఎస్ఐ మించొద్దని ఓషా నిబంధన.

చిన్నమోటారు
ఎల్‌వీఎల్‌పీ గన్‌తో మొదటి తలుపు కొట్టాను, ఫొటో పెట్టాను చూడండి. గాలి సరిపోయింది, నీటి చుక్క పడలేదు. కింది భాగంలో ఓ చార జారింది. రెగ్యులేటరు తగ్గించాలా?

రంగులరాట్నం
ఫొటో చూశాను. రెగ్యులేటరు జోలికి పోకండి. ఆ చోట మీ చెయ్యి ఆగింది.

చిన్నమోటారు
ఫోను మోగింది అప్పుడు.